ఆజీ పాటకు వంత

ఆగస్టు 9, శనివారం

నిన్న వరలక్ష్మీవ్రతం బ్రహ్మాండంగా జరిగింది. పూర్ణాలు ఎంత బాగా కుదిరాయంటే కిరణ్మయి రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘంలో ఆవిడ పెద్ద తలకాయ. ఆవిడ బాగుందంటే మా పేట సన్నీబ్యాంక్ మొత్తం బాగుందన్నట్టే.

వాళ్ళు రాకముందు అత్తయ్య గిన్నెను గరాజ్‌లోకి మార్చి, క్యాంపింగ్ టెంటు కింద పెట్టాను. హాల్లో అంతమంది ఆడవాళ్ళు కూర్చోవాలంటే చోటు కావద్దూ? పైగా అదేమైనా చిన్న గిన్నెనా! కాళ్ళున్న చెక్క గిన్నె, తానోవా అంటారు. మామయ్య పోయాక ఫిజీలో ఇల్లు మూసేసి మా దగ్గరికి వచ్చినప్పుడు, చీరలు వదిలేసి దాన్ని తెచ్చుకుంది ఆవిడ. మంగళవారం సాయంత్రాలు ఆవిడ భజన మండలి వాళ్ళు వస్తారు. దాంట్లో గ్రాగ్ కలుపుకుని, చుట్టూ కూర్చుని తాగుతూ రామభజన చేస్తారు. అది మందు కాదు. ఏదో వేరు దంచిన పొడి, నీళ్ళు. తాగితే నాలుక కాసేపు మొద్దుబారుతుంది, అంతే. నాకు తెలుసు. కిరణ్మయికి తెలియదు. రాముడి పటం ముందు గిన్నెడు బురదనీళ్ళు పెట్టుకుని తాగుతారట అని ఒకరు మొదలుపెడితే ఇక ఎవరి నోరు మూయించగలం?

గిన్నె మోసుకెళ్తుంటే రుచిత మెట్ల మీద నిలబడి చూసింది. "సీరియస్లీ, మమ్?" అంది.

చోటు లేక తీశాను. దాచలేదు.

ఆగస్టు 21, గురువారం

రుచిత ఎగురుకుంటూ వచ్చింది. లోగన్ లైబ్రరీలో పసిఫిక్ కుటుంబాల పిల్లలకు కథలూ వ్యాసాలూ రాయడం నేర్పిస్తారట. ఎవరి ఇంటి పాటల మీద వాళ్ళు రాయాలట. దానికి ఎంపికైంది. అక్టోబర్‌లో జనం ముందు చదవాలి, తర్వాత పుస్తకం వేస్తారు.

సంతోషించాల్సిందే. సంతోషించాను కూడా. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలియదు.

"పసిఫిక్ వాళ్ళదా? మనకెందుకే అది? మనం తెలుగువాళ్ళం కదా."

"ఇట్స్ నాట్ ఫర్ అస్, మమ్. ఇట్స్ ఫర్ మీ. ఐయామ్ ఫిజీ."

మనకు కాదట. తనకట.

గోవింద్ పక్కనే ఉన్నాడు. కూతురి భుజం తట్టి "శాబాష్" అన్నాడు. ఎందుకనడు? వాళ్ళమ్మ, వాళ్ళ ఫిజీ, వాళ్ళ పాటలు.

ఆగస్టు 22, శుక్రవారం

నాకేం కోపం లేదు.

ఆగస్టు 26, మంగళవారం

ఈరోజు మండలి వాళ్ళు నలుగురూ వచ్చారు. సన్యాసి అంకుల్ ఢోలక్ తెచ్చాడు. ఫిజీలో, లబాసా ఊళ్ళో ఆయనా అత్తయ్యా ఇరుగుపొరుగు. ఇప్పుడు ఆయన లోగన్‌లో ఉంటాడు, మిగతా ముగ్గురినీ తన వ్యాన్‌లో ఎక్కించుకుని వస్తాడు.

వీళ్ళ మాటలన్నీ ఫిజీ హిందీ. పాట ఎత్తుకుంటే మాత్రం తెలుగు. వంద ఏళ్ళు దాటింది వీళ్ళ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల కూలికి ఓడెక్కి. మండలిలో సగంమందికి తాము పాడే మాటల అర్థం తెలియదు. అయినా ఒక్క మాట జారనివ్వరు. అత్తయ్యకు మాత్రం తెలుగు వచ్చు. మా బొబ్బిలి పక్క ఊళ్ళలో ముసలివాళ్ళు మాట్లాడే తెలుగు అది. పెళ్ళయిన కొత్తలో "ఏటే గుంటా, తిన్నావేటి?" అని ఆవిడ ఫోన్‌లో అడిగితే నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ కూడా అప్పటికి అలా మాట్లాడటం మానేసింది, టీవీ తెలుగులోకి దిగిపోయింది.

ఎటో పోయాను. చెప్పాలనుకున్నది ఏమిటంటే, రుచిత కూడా ఇవాళ చాప మీద కూర్చుంది. మధ్యలో ఫోన్ పెట్టుకుని రికార్డు చేసింది. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ విన్నాను. రుచితకు నాయనమ్మ అంటే ఆజీ.

"ఆజీ, వై డు యూ స్టాప్ ఆఫ్టర్ ఎవ్రీ లైన్?"

"ఆగకపోతే ఎలగ గుంటా? నానొక ముక్క పాడాల. ఆళ్ళు వంత పాడాల. వంత అందకుండా రెండో ముక్క పాడకూడదు."

"వాట్ ఇఫ్ నోబడీ సింగ్స్ ఇట్ బ్యాక్?"

"అయితే ఆ పాట అక్కడే ఉండిపోద్ది. మా మామ్మ అలగే సెప్పింది. చెరుకు కొట్టినప్పుడు ఒకడు ముందరెల్లేవోడు, ఎనక మనిసి ఉన్నాడో నేదో ఎలా తెలుస్తాది? వంత వస్తే ఉన్నట్టు."

ఆ పైన ఇద్దరూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వారు. ఏమిటో నాకు వినపడలేదు. కుళాయి కట్టేసి కాసేపు నిలబడ్డాను కూడా.

తర్వాత రుచిత వంటింట్లోకి తొంగి చూసి టీ అడిగింది.

సెప్టెంబర్ 6, శనివారం

పొద్దున రుచిత మంచి మూడ్‌లో ఉంటే, పోనీ కదా అని కదిపాను. మా వైపు కూడా పాటలున్నాయే, మా అమ్మమ్మ వడ్లు దంచుతూ ఎన్ని పాడేదో, వాటి గురించీ రాయొచ్చుగా అన్నాను.

వెంటనే ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కింది. "ఓకే, సింగ్ వన్."

మొదటి ముక్క పాడాను. రెండోది గుర్తు రాలేదు. మళ్ళీ మొదటిదే పాడాను. అది ఎంతో ఓపిగ్గా ఫోన్ పట్టుకునే ఉంది. ఆ ఓపిక చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. పప్పు మాడుతోందని లేచి వెళ్ళిపోయాను.

స్టవ్ మీద పప్పే లేదు. దానికీ తెలుసు.

సెప్టెంబర్ 20, శనివారం

రాయడం అయిపోయిందట. చూపించమన్నాను.

"కమ్ అండ్ లిజన్," అంది.

"ఆ రోజు నాకు షిఫ్ట్ ఉంది."

"ఓకే."

ఓకే అట! రావద్దంటే పోట్లాడేదాన్ని. రమ్మని బతిమాలితే కాసేపు బెట్టు చేసి ఒప్పుకునేదాన్ని. ఓకే అంటే ఏం చెయ్యాలి?

కారులో గోవింద్‌తో అన్నాను, అది నా గురించి ఏదో రాసింది, అందుకే చూపించట్లేదని. "కాహే టెన్షన్ లేతా, శేషు? పిల్ల రాసిందే కదా," అన్నాడు. ఈయనకు దేనికీ టెన్షన్ ఉండదు. సముద్రం మధ్య దీవిలో పుట్టిన మనిషికి ఎందుకుంటుంది? మా నాన్న మూడేళ్ళు మాట్లాడకపోయినా ఈయన్నే చేసుకున్నానంటే ఆ నిదానం చూసే. ఇప్పుడు ఆ నిదానమే నా ప్రాణం తీస్తోంది.

అసలు నా భయం ఏమిటో ఇక్కడైనా సరిగ్గా రాసుకోవాలి. గిన్నె సంగతి రాసి ఉంటే పరువు పోతుంది, అది ఒకటి. నా గురించి ఏమీ రాయకపోతే? వాళ్ళ నాన్న, ఆజీ, లబాసా, చెరుకు తోట, అన్నీ ఉండి నేను ఎక్కడా లేకపోతే?

రెంటిలో ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

కిరణ్మయి ఫోన్. "ఏం శేషూ, మనమ్మాయి రైటరైందట, మాట మాత్రమైనా చెప్పలేదేం? పోస్టర్ చూశాను. నేనూ, ఇంకో ఇద్దరూ తప్పకుండా వస్తున్నాం. మనవాళ్ళం వెళ్ళకపోతే ఎట్లా?"

అయ్యో, మీకెందుకండీ శ్రమ, అంత దూరం అన్నాను.

"దూరమేముంది? ఇరవై నిమిషాలు," అంది.

చచ్చాను.

అక్టోబర్ 3, శుక్రవారం

అడగకూడదు అనుకుంటూనే అడిగేశాను. "ఆ గిన్నె గురించి ఏమైనా రాసి ఉంటే తీసెయ్యి రుచీ. కిరణ్మయి ఆంటీ వాళ్ళు వస్తున్నారు."

అది అన్నం కలుపుతూ ఆగింది.

"సో యూ డిడ్ హైడ్ ఇట్."

పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని అరిచాను. ఆ మాటకీ దాని ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదని అరుస్తున్నప్పుడే నాకు తెలుస్తోంది. అయినా ఆపలేకపోయాను. అది కంచం పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. గోవింద్ నా వైపు చూడకుండా నీళ్ళు తాగాడు.

అత్తయ్య మాత్రం తాపీగా చారు పోసుకుంటూ అంది. "అరిసీసినావు కదా, ఇప్పుడు కూసో. తిను."

అన్నీ విని కూడా ఆవిడ నన్ను ఒక్క మాట అనదు. అంటే బాగుండును. గరాజ్‌లోంచి ఆ గిన్నె తీసి తుడిచి మళ్ళీ హాల్లో పెట్టుకున్నది ఆవిడే.

అక్టోబర్ 4, శనివారం

ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలో వాళ్ళు తిన్నాం.

అక్టోబర్ 8, బుధవారం

రుచిత చదివే శనివారం షిఫ్ట్ మార్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. వెళ్తానని కాదు. ఊరికే.

అక్టోబర్ 12, ఆదివారం

అన్నీ మర్చిపోకముందే రాసుకోవాలి. కాఫీ చల్లారిపోయినా సరే.

నిన్న మధ్యాహ్నం చీర కట్టుకుని గదిలోంచి బయటికి వస్తే రుచిత చూసింది. "నీకు షిఫ్ట్ అన్నావుగా" అనలేదు. గోవింద్‌కు నడుం నొప్పి, నేను డ్రైవ్ చేస్తానన్నాను. గోవింద్ ఒక్క క్షణం ఆలోచించి "హా, బహుత్ నొప్పి," అని నడుం పట్టుకున్నాడు. మంచి మనిషి.

లైబ్రరీ హాలు నిండిపోయింది. సమోవా వాళ్ళు, టోంగా వాళ్ళు, పూలచొక్కాలు, పసిపిల్లలు, మడత కుర్చీలు. నేను కావాలనే చివరి వరసలో కూర్చున్నాను. కిరణ్మయి, మరో ఇద్దరు పట్టుచీరల్లో ముందు వరసల్లోనే కనపడ్డారు. నా పక్కన మెలే అని టోంగా ఆవిడ. వాళ్ళ కొడుకు కూడా చదువుతున్నాడట, చేతులు చెమటలు పడుతున్నాయని నాకు చూపించింది. రోజూ బ్లడ్ టెస్టుల కోసం పదిమంది చేతులు పట్టుకునేదాన్ని కదా, అలవాటుకొద్దీ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే నా చేతులూ అలాగే ఉన్నాయి.

రుచిత వంతు వచ్చింది. వాళ్ళ ఆజీని స్టేజి మీద చాప పరిచి కూర్చోబెట్టింది. ఢోలక్ వాళ్ళింకా రాలేదు. మోటర్‌వే మీద యాక్సిడెంట్ అయిందట, సన్యాసి అంకుల్ వ్యాన్ ఇరుక్కుపోయింది. టీచర్ కాసేపు ఆగుదామంది. అత్తయ్య చెయ్యి ఊపింది, కానివ్వమని.

ఇంగ్లీషులో చదివింది. లబాసాతో మొదలుపెట్టింది, ముత్తాత ఓడ, చెరుకు, మంగళవారాలు. గొంతు వణకలేదు. దీనికి ఇంత గొంతు ఎప్పుడొచ్చింది అనుకుంటూ ఉండగానే వచ్చేసింది ఆ ముక్క. "మా అమ్మ తెలుగు స్నేహితులు వస్తే తానోవా క్యాంపింగ్‌కు వెళ్తుంది. గరాజ్‌లో, టెంటు కింద. మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ క్యాంపింగ్ చేసింది ఆ గిన్నే."

హాలంతా గొల్లుమంది.

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. భూమి చీలితే బాగుండును అనుకుంటుంటే మెలే నా మీద వాలిపోయి నవ్వుతోంది. "మా అమ్మ అచ్చం ఇంతే! పాస్టర్ ఇంటికొస్తే నాన్న వాయించే ఉకులేలే తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్‌లో పెట్టేది. ఒకసారి మర్చిపోయి స్విచ్ కూడా వేసేసింది!" అంది. ఆవిడ ముందు వరసలో ముసలాయన వెనక్కి తిరిగి, మా ఇంట్లో అయితే డ్రమ్ము అన్నాడు. ఎవరికి వాళ్ళు వాళ్ళమ్మలు దాచినవి చెప్పుకుంటున్నారు. కిరణ్మయి వైపు చూశాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కోపమో ఏడుపో అనుకున్నాను. నవ్వు! పక్కావిడ తొడ మీద కొట్టి మరీ నవ్వుతోంది.

ఇన్నాళ్ళూ దీనికా నేను నిద్ర మానుకున్నది?

అంతటితో అయిపోలేదు. రుచిత నవ్వులు తగ్గేదాకా ఆగి తల ఎత్తింది. నన్ను వెతికిందో లేదో తెలియదు. ఇలా చదివింది, నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాసుకుంటాను. "మా అమ్మ మండలిలో కూర్చోదు. తనకు పాటలు రావంటుంది. కానీ మంగళవారం సాయంత్రం వంటింట్లో ఆమె గిన్నెలు తోమేది ఢోలక్ దెబ్బకే. దెబ్బ ఆగితే ఆమె చెయ్యి ఆగుతుంది. దెబ్బ పడితే మళ్ళీ కదులుతుంది. నా రికార్డింగులన్నిటిలో ఆ గిన్నెల చప్పుడుంది. తీసేయమని టీచర్ చెప్పింది. నేను తీయలేదు. ఆ సంగతి అమ్మకు తెలియదు."

ఉన్నాను. నేనున్నాను.

కళ్ళు తుడుచుకునే తీరిక లేదు, అప్పటికే అత్తయ్య పాట ఎత్తుకుంది.

"ఓడెక్కి వచ్చినావా రామయ్యా, మాతోడ వచ్చినావా..."

ఆగింది.

జనం పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగిపోయాయి. అత్తయ్య కదల్లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. టీచర్ రుచిత వైపు చూసింది. రుచిత నోరు తెరిచింది, మాట రాలేదు. అప్పటిదాకా గడగడా చదివిన పిల్ల మొహం తెల్లబోయింది. ఆజీ ఎందుకాగిందో దానికీ తెలుసు. పాడేవాళ్ళు వ్యాన్‌లో ఉన్నారని కూడా తెలుసు.

అత్తయ్య మళ్ళీ అదే ముక్క పాడింది. మళ్ళీ ఆగింది. ఆవిడ ఎనభై ఏళ్ళ గొంతు ఆ హాల్లో ఒంటరిగా వినపడి, ఒంటరిగా ఆగిపోయింది. నా వల్ల కాలేదు.

లేచాను. ఎందుకు లేచానో, ఎలా లేచానో తెలియదు. కూర్చుని పాడితే వినపడదని తోచింది కాబోలు.

"ఓడెక్కి వచ్చినావా రామయ్యా..."

నా గొంతు బొంగురు. శ్రుతి ఎక్కడో, నేనెక్కడో. ఎవరు తిరిగి చూశారో నేను చూడలేదు. అత్తయ్య మొహమే చూశాను. ఆవిడ నా వైపు తల కూడా తిప్పలేదు. వంత అందింది, అంతే, రెండో ముక్కలోకి వెళ్ళిపోయింది, ఇంతసేపూ ఏమీ జరగనట్టు.

"చెరుకు తోటల్లోకి రామయ్యా, చెయ్యందించ వచ్చినావా..."

అదీ పాడాను. అన్నీ వచ్చు నాకు! ఏ ఒక్కటీ నేర్చుకోలేదు, అన్నీ వచ్చు. మూడో ముక్కకు రుచిత కలిసింది. నాలుగో ముక్కకు మెలే కూడా, మాటలు రాకపోయినా రామయ్యా దగ్గర మాత్రం గట్టిగా. చివరికొచ్చేసరికి హాలు మొత్తం రామయ్యా దగ్గర కలిసింది. సన్యాసి అంకుల్ వాళ్ళు ఢోలక్ చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి పాడారు.

అమ్మయ్య.

అయ్యాక కిరణ్మయి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఆ రోజు మాకు పూర్ణాలు పెట్టి, అసలైంది గరాజ్‌లో దాచావన్నమాట! ఎంత దొంగవే నువ్వు!" ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

రుచిత వచ్చి నా భుజం మీద తల పెట్టింది. దాని జుట్టులో కొబ్బరినూనె వాసన. గోవింద్ నడుం నొప్పి పూర్తిగా మర్చిపోయి కుర్చీలన్నీ మడతపెడుతున్నాడు.

అక్టోబర్ 14, మంగళవారం

గొంతు పూర్తిగా పోయింది. పనిలో సైగలతో లాక్కొచ్చాను. పిడికిలి బిగించండి, వదలండి, అంతా చేత్తోనే. ఒక పెద్దాయన, పార్టీకి వెళ్ళావా అని అడిగాడు. అవునని తల ఊపాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య హాల్లో ఫోన్ పట్టుకుని ఉంది. లబాసాలో ఉన్న చెల్లెలితో వీడియో. ఇద్దరికీ కాస్త చెవుడు కాబట్టి వీధి వీధంతా వినపడేలా మాట్లాడుకుంటారు. నేను వంటింట్లోకి వెళ్ళి చప్పుడు కాకుండా బ్యాగ్ కింద పెట్టాను.

అవతలి నుంచి ఆవిడ ఏదో అడిగింది.

"ఎవులు పాడతారు? ఆళ్ళంతా రోడ్డు మీదే ఉండిపోనారు," అంది అత్తయ్య. "నా కోడలు పాడింది. అవును, శేషే. ఎనక నుంచి లేచి పాడింది. నేదు, ఎవులూ సెప్పనేదు. ఆ పిల్లకి ఎవులు సెప్పాల? నా ఇంటి మనిసి కాదా?"

అవతల ఆవిడకు సరిగ్గా వినపడలేదు, ఏమిటీ, ఎవరూ అని అరుస్తోంది.

నేను కదల్లేదు. టీ పెట్టలేదు, కుళాయి తిప్పలేదు. ఆవిడ మళ్ళీ చెప్పేదాకా అలాగే నిలబడ్డాను.

మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా.